నాలుగు గంటల వాసన

సెప్టెంబరు 18, సోమవారం

ఈ పుస్తకం తెలుగులో రాస్తున్నాను. బర్మీస్‌లో రాస్తే మేడలో ఎవరి కంటైనా పడుతుంది. తెలుగైతే ఈ పజుండౌంగ్ పేటలో మా వీధి మొత్తానికి చదవగలిగినవాళ్లం నలుగురం, అందులో ఇద్దరికి కళ్లు కనపడవు. మా ఆవిడ చిన్నమ్మికి కూడా మాటే గాని అక్షరం రాదు. చిన్నప్పుడు గుడి వరండాలో జరిగే ఆదివారం బడికి మా నాన్న చెవి పట్టుకుని పంపినందుకు ఇన్నాళ్లకి పనికొచ్చింది.

ఇవాళ వినాయక చవితి. పూజకి పత్రి కోస్తానని వంక పెట్టి చిన్నమ్మి డాబా ఎక్కింది. రెండో అంతస్తు నుంచి ముప్పై ఆరు మెట్లు. ఆరు చోట్ల ఆగింది. నేను స్టూలు పట్టుకుని వెనకే.

డాబా మీద నీళ్ల ట్యాంకు వెనక బంతి మొక్కల కుండీలు పదకొండున్నాయి. వాటి మధ్య నాలుగు గంజాయి మొక్కలు. ఇదిగో, రాసేశాను. రాస్తే ఏదో అయిపోతుందని భయపడ్డాను గాని ఏమీ కాలేదు.

విత్తనాలు జూన్‌లో రాంబాబు తెచ్చాడు. చిన్నమ్మి తమ్ముడు, బస్సు డ్రైవరు. క్యాన్సరు రొమ్ములోంచి ఎముకలకి దిగిందని డాక్టరమ్మ చెప్పిన వారం అది. ఆ నొప్పికి పనిచేసే మాత్రలు ఊళ్లో ఒక వారం దొరికితే మూడు వారాలు దొరకవు. "మా తాత పెంచీ గంజాయి మొక్క ఉంటే ఈ మాత్రల కోసం ఊరంతా తిరగనక్కర్నేదు" అని చిన్నమ్మి నవ్వుతూ అంది. రాంబాబు నవ్వలేదు. నాలుగు రోజుల తర్వాత చొక్కా జేబులో కాగితం పొట్లంతో వచ్చాడు.

ఇవాళ స్టూలు మీద కూచుని నాలుగు మొక్కల కణుపులూ వేళ్లతో విడదీసి చూసింది. రెండింటిని చూపించి "ఇయ్యి మగయి. పీకీయండి" అంది. ఏపుగా ఉన్నవి అవే. నాకు ప్రాణం ఒప్పలేదు. "ఉంచితే ఏం పోయింది?" అన్నాను.

"ఇయ్యుంటే ఆడదానికి గింజలు కట్టీస్తాయి. గింజల కోసమేటి పెంచుతున్నాం?"

పీకాను. మూడు నెలలు నీళ్లు మోసిన చెయ్యి. విత్తనంలో ఆడో మగో ఎందుకు తెలియదూ అని అడిగితే, "మనుషుల్లోనే తెలీదు, మొక్కల్లో ఏటి తెలుస్తాది" అంది. దిగేటప్పుడు ఎత్తుకుందామంటే ఒప్పుకోలేదు. కాస్త నయంగానే ఉంది.

సెప్టెంబరు 19

మెట్లు ఎక్కినందుకు ఇవాళ మంచం దిగలేదు. రేపటికి సర్దుకుంటుంది.

సెప్టెంబరు 27, బుధవారం

ఇక చిన్నమ్మి డాబా ఎక్కడం కుదరదని మేమిద్దరం అనుకోలేదు. తనూ అనలేదు, నేనూ అనలేదు. స్టూలు మాత్రం డాబా మీదే ఉండిపోయింది.

నీళ్లు నేనే మోస్తున్నాను. కరెంటున్నప్పుడే మోటారు, మోటారున్నప్పుడే కొళాయి. మొక్కలు నా భుజం దాకా వచ్చాయి. బంతి మొక్కల కన్నా ఎత్తు కాకుండా వంచి తాడుతో కట్టమంది. కట్టాను.

ఇవాళ పాత గడియారం ఒకటి బాగు చేస్తుంటే చిన్నమ్మిని మొదట చూసిన రోజు గుర్తొచ్చింది. అప్పటికీ ఇదే వీధి, మెట్ల కింద ఇదే అద్దాల పెట్టె. మా నాన్న బట్టల కొట్టు సర్కారు తీసేసుకున్నాక ఆయన గడియారాల పని నేర్చుకుని పెట్టుకున్నది. రేవు పక్క అహ్లోన్ పేట నుంచి ఒక పిల్ల చేత్తో అలారం టైంపీసు పట్టుకుని వచ్చింది. "ఇది మోగట్లేదు, మా తాత మిల్లుకి ఆలస్యంగా ఎల్తున్నాడు" అంది. తాతేమో అప్పటికి బియ్యం మిల్లు మానేసి నాలుగేళ్లయింది. అలవాటు కొద్దీ రోజూ పొద్దున్నే లేచి వెళ్లి గేటు దగ్గర కూచుని వచ్చేవాడట. నేను టైంపీసు బాగు చేసి డబ్బు వద్దన్నాను. అలా మూడుసార్లు పాడయింది అది. మూడోసారి విప్పి చూస్తే లోపల బియ్యపు గింజ ఉంది. తనే వేసింది.

పోర్టు కూలీల పిల్లని చేసుకున్నానని మా అమ్మ ఏడాది మాట్లాడలేదు. తర్వాత అదే అమ్మ చిన్నమ్మి చేత తప్ప మంచినీళ్లు తాగేది కాదు. ఇద్దరూ ఒక్క విషయంలో ఏకం. పెట్రోలుతో గడియారాలు కడిగిన చేత్తో నన్ను అన్నం ముట్టనిచ్చేవాళ్లు కాదు. నేను ఏడింటికి పెట్టె మూసి వస్తే కుంకుడు రసం చెంబుతో చిన్నమ్మి గుమ్మంలో నించుని ఉండేది. ముప్పై ఏడేళ్లు.

ఇప్పుడు కుంకుడు రసం నేనే తీసుకుంటున్నాను. దేముడి గూటి పక్కన ఆ చెంబు అలాగే ఉంది.

అక్టోబరు 4

మాత్రలు లేవు. పెద్దాసుపత్రి ఎదురుగా ఉన్న షాపులో లేవు, మింగళ తౌంగ్‌న్యున్ బజారులో లేవు. రాంబాబు బస్సు రూటంతా ప్రతి స్టాపులోనూ దిగి అడిగాడట. ప్యాసింజర్లు తిట్టారు.

ఇవాళ కాస్త నయం. కంచంలో ఉన్నది సగం తింది.

అక్టోబరు 11, బుధవారం

పువ్వులొచ్చాయి. పువ్వులంటే పువ్వుల్లా లేవు, తెల్ల వెంట్రుకలు గుత్తులు కట్టినట్టున్నాయి. గడియారాల ఐగ్లాసు కంటికి పెట్టుకుని చూశాను. ఆకు మీద, రేకు మీద చిన్న చిన్న బొట్లు, ఒక్కోటి గుండుసూది తలకి వందో వంతు. నీళ్లలా తేటగా ఉన్నాయి. నలభై ఏళ్లుగా ఈ అద్దంలోంచి తుప్పూ దుమ్మూ తప్ప చూడలేదు. కిందికి వచ్చి ఆ సంగతి గొప్పగా చెప్పాను.

"అద్దాలెందుకు? తాత ఎప్పుడు కొయ్యాలో కంటితో సూసీవోడు కాదు, వాసన బట్టి కోసీవోడు. పువ్వుని యేళ్లతో పామి తెండి."

మళ్లీ ఎక్కాను. పామి తెచ్చాను. నా చెయ్యి రెండు చేతుల్తో పట్టుకుని ముక్కు దగ్గర పెట్టుకుంది. కళ్లు మూసుకుంది.

"పచ్చి మావిడికాయ సొన. ఇంకా సానా ఉంది."

ఎన్ని వాసనలుంటాయి అని అడిగాను. నాలుగట. ముందు మామిడి సొన, తర్వాత నిమ్మాకు, తర్వాత తడిసిన గోనెసంచి. చివరికి, వానపడ్డ మర్నాడు మిల్లు గొడౌను తలుపు తీస్తే గుప్పున కొట్టే వాసన. అదొచ్చిన రోజు కొయ్యాలి. ఆ మిల్లు ఇప్పుడు లేదు. ఆ వాసన ఎలా ఉంటుందో వెళ్లి చూసి రావడానికి చోటు లేదు.

"రోజూ ఒకే యేళకి తేవాలి. ఎండ ఒంగినాక, నాలుగ్గంటలకి. సేతులు కుంకుడుకాయతో కడుక్కుని ముట్టుకోండి. పెట్రోలు అంటితే వాసన సచ్చిపోతాది."

అక్టోబరు 12

నాలుగు గంటలకి అద్దాల పెట్టె మీద గుడ్డ కప్పి వచ్చాను. మామిడి సొన.

అక్టోబరు 13

మామిడి సొన.

అక్టోబరు 16, సోమవారం

నాలుగు గంటలకి వెలుగు కిటికీలోంచి మంచం మీదికి వస్తుందని నాకు ఇన్నేళ్లుగా తెలియదు. ఆ వేళప్పుడు ఇంట్లో ఎప్పుడున్నాను గనక. వీధిలో సైకారు రిక్షావాళ్ల గంటలు, పక్క మేడలో ఎవరో పిల్ల పాఠం చదవడం, వెదురు తడక మీద ఎండబెట్టిన చేపల వాసన. చిన్నమ్మికి ఇవన్నీ టైంటేబుల్లా తెలుసు. "ఇప్పుడు ఐసు బండోడొస్తాడు" అంటే వాడు వచ్చాడు.

ఇవాళ నిమ్మాకు. "మొదలయింది" అంది. కాస్త నయం.

అక్టోబరు 21, శనివారం

ఇవాళ గంటన్నర కబుర్లు చెప్పింది. మర్చిపోకుండా రాసుకోవాలి.

వాళ్ల తాత పేరు సన్యాసి. భీమిలి దగ్గర్నుంచి పదేళ్ల వయసులో ఓడ ఎక్కాడు. అహ్లోన్ రేవులో బస్తాలు మోసి, తర్వాత మిల్లులో ఊక బట్టీ దగ్గర కుదిరాడు. కూలీ లైన్ల వెనక, ఏటి గట్టు మీద, వంకాయ మడి మధ్యలో మూడు నాలుగు గంజాయి మొక్కలుండేవి. పొద్దంతా బస్తాలు మోసిన వీపులకి సాయంత్రం అదే మందు. పోలీసులకీ తెలుసు, మేస్త్రీకీ తెలుసు. ఎవరికన్నా కడుపు నొప్పి వస్తే చిన్నమ్మి వాళ్ల మామ్మ దేముడమ్మ గంజాయి ఆకు నేతిలో వేయించి తాటిబెల్లంతో ఉండ చేసి పెట్టేది. చేదు చేదుగా ఉండేదట. పిల్లలకి చూపించేది కూడా కాదు, దొంగతనంగా నాకి చూసి రెండు రోజులు పడుకుందట ఈవిడ.

ఊక దుమ్ము పీల్చి పీల్చి తాతకి ముక్కు పోయింది. ఎండుచేప కాలుతున్నా తెలిసేది కాదు. అందుకని పంట రోజుల్లో ఆరేళ్ల చిన్నమ్మిని ఒళ్లో కూచోబెట్టుకునేవాడు. పువ్వు పామిన వేళ్లు ఆ పిల్ల ముక్కు దగ్గర పెట్టి, "సెప్పే అమ్మీ, ఏటొస్తంది?" అనేవాడు. లైన్లలో పదిమంది పెద్దవాళ్లుండగా ఈ పిల్ల చెప్పాకే కొయ్యడం.

"మరి తప్పు చెబితే?" అన్నాను.

"సెప్తే ఏటి, మా తాతే కదా" అని అటు తిరిగి పడుకుంది.

చెబుతున్నంతసేపూ నా చెయ్యి తన దగ్గరే ఉండిపోయింది. పని చేసే చెయ్యి అది, తిమ్మిరెక్కింది. తీసుకోలేదు.

నిమ్మాకే.

అక్టోబరు 29, ఆదివారం

తడింజుట్ దీపాల పున్నమి. వీధంతా కొవ్వొత్తులు. పై అంతస్తు బర్మా ఆవిడ దొ మ్య మ్య పళ్లూ మిఠాయీ పట్టుకుని వచ్చింది. డెబ్బై దాటిన విధవావిడ, డాబా తలుపు పక్కనే ఆవిడ గది. రెండు రోజులుగా మొక్కల వాసన మెట్ల మీదికే దిగుతోంది.

"ఉ సత్తీ, ఈ ఏడు మీ బంతిపువ్వులు ఘాటుగా ఉన్నాయి" అంది బర్మీస్‌లో. ఉ అంటే గారు, సత్తి నేనే.

నేను ఎరువు మార్చానని ఏదో గొణిగాను. ఆవిడ చిన్నమ్మి మంచం పక్కన కాసేపు కూచుని కాళ్లు పట్టింది. వెళుతూ నా చేతిలో అగరొత్తుల కట్టలు పెట్టింది, పది. "మా ఆయన పోయేముందు నాకీ ఆలోచన తోచలేదు" అంది. మెట్ల మలుపులో తనే రెండు వెలిగించి పైకి వెళ్లింది.

నవంబరు 2

నిమ్మాకు. రాత్రంతా మూలిగిందని రాయను. కాస్త నయం.

నవంబరు 6, సోమవారం

ఐగ్లాసులో బొట్లు తేటగా లేవు. పాలలా తెల్లబడ్డాయి, అక్కడక్కడా తేనె రంగు. వెంట్రుకలు ఇటుక రంగుకి వచ్చి ముడుచుకుంటున్నాయి. ఏళ్ల తరబడి మూతపడ్డ గడియారంలో నూనె ఈ రంగుకే వస్తుంది. ఆ రంగు చూసిన చోట నా చెయ్యి ఆగదు, విప్పి తుడిచేస్తాను.

"తయారైనట్టుంది" అన్నాను.

వాసన చూసింది. "నిమ్మాకే. గోనెసంచి కూడా రాలేదు. తొందర పడీసి కోసీకండి, పచ్చిది తలనొప్పి పుట్టిస్తాది. మందవ్వదు."

రాంబాబు కూడా ఉన్నాడు. నన్ను వంటింట్లోకి పిలిచి, "బావా, అక్క నడుం కింద సెయ్యి పెడితేనే అరస్తంది. ఇంకెన్నాళ్లు?" అన్నాడు. వాడి అక్క ముక్కు అహ్లోన్ మొత్తానికి పేరున్న ముక్కు అని నేను వాడికే చెప్పాను. వాడు నా మొహం ఒకసారి చూసి బస్సుకి వెళ్లిపోయాడు.

ఆవిడ మాటే మాట. నాకేం తొందర లేదు.

నవంబరు 7

నిమ్మాకు.

నవంబరు 8

నిమ్మాకు. ఐసు బండివాడు ఇవాళ రాలేదు. ఎందుకు రాలేదా అని ఇద్దరం అరగంట మాట్లాడుకున్నాం.

నవంబరు 12, ఆదివారం

దీపావళి. గుమ్మంలో రెండు ప్రమిదలు పెట్టాను. కొత్త చీర కట్టమంది గాని తిప్పితే నొప్పి, పైన కప్పాను. పెళ్లయిన ఏడు దీపావళికి పెట్టె మూసి రమ్మని పక్కింటి పిల్లాడి చేత కబురు పంపింది. గిరాకీ ఉందని వెళ్లలేదు. అది నాకు గుర్తుంది, తనకి గుర్తుందో లేదో. అడగలేదు.

రాంబాబు మొన్న ఎక్కణ్నుంచో తెచ్చిన మాత్రలు రెండు మిగిలాయి.

నవంబరు 14, మంగళవారం

ఇవాళ జరిగింది రాయాలి.

మూడున్నరకి వార్డు ఆఫీసు మనుషులు ఇద్దరు మేడలోకి వచ్చారు. ఎవరింట్లో ఎవరు పడుకుంటున్నారో లిస్టు చూసుకోడానికి వస్తూ ఉంటారు. ఇవాళ డాబా కూడా ఎక్కారు. దొ మ్య మ్య మనవరాలు కొట్టు దగ్గరికి పరుగెత్తుకొచ్చి చెప్పింది. అప్పుడు నా చేతుల్లో సగం కడిగిన గడియారం, గిన్నెలో పెట్రోలు. అలాగే వదిలేసి పరుగెత్తాను.

డాబా దాకా వెళ్లే ధైర్యం లేక మా గుమ్మంలోనే ఆగాను. పైన అడుగుల చప్పుడు. దొ మ్య మ్య గొంతు కూడా వినిపించింది. ట్యాంకు కారుతోందనీ, ఎవరూ పట్టించుకోరనీ, వార్డు వాళ్లే బాగు చేయించాలనీ దండకం. పది నిమిషాలు వాళ్లని వదల్లేదు. తిట్లు తినలేక దిగిపోయారు. కుండీల వైపు చూడనే లేదట.

నేను చెమటలు కారుతూ లోపలికి వచ్చి మంచం మీద కూలబడ్డాను. గోడ గడియారం నాలుగు చూపిస్తోంది. చిన్నమ్మి అలవాటుగా చెయ్యి చాపి నా చెయ్యి అందుకుంది. చేతులు కడగలేదు. పైకి వెళ్లలేదు. మొక్కని ముట్టుకోలేదు. నా వేళ్ల మీద ఉన్నది పెట్రోలు, పచ్చి పెట్రోలు.

కళ్లు మూసుకుని వాసన చూసింది. మామూలు కన్నా ఎక్కువసేపే చూసింది.

"నిమ్మాకు. ఇంకా నేదు" అంది.

నవంబరు 15

పరీక్ష పెట్టాను. రాయడానికి సిగ్గుగా ఉంది. దొ మ్య మ్య ఇంటి నుంచి ఙపి, అదే పులియబెట్టిన చేపల ముద్ద, కాస్త అడిగి తెచ్చి వేళ్లకి పామాను. వీధి చివరికి వాసన వెళ్లే సరుకది. ముక్కు దగ్గర పెట్టాను. చిన్నమ్మి కనుబొమలు కొంచెం కదిలాయి, అంతే.

"నిమ్మాకు."

తాతకి ఊక దుమ్ముతో పోయింది. ఈవిడకి మందులతో పోయి ఉంటుంది. ఎప్పుడు పోయిందో. ఈ నెలంతా చెప్పిన వాసనలన్నీ యాభై ఏళ్ల కిందట తాత ఒళ్లో కూచుని చూసినవి. నా చేతి మీద ఏమీ లేకుండానే చెప్పింది. నేను వంటింట్లోకి పోయి చేతులు కడుక్కున్నాను. మళ్లీ కడుక్కున్నాను.

నవంబరు 16, గురువారం

ఈ పుస్తకం మొదట్నుంచీ తిప్పి చూశాను. ఎన్నిసార్లు కాస్త నయం అని రాశానో. ఏ రోజూ నయంగా లేదు.

నిజం రాస్తాను. మొక్క పది రోజుల కిందటే తయారైపోయింది. బొట్లు తేనె రంగుకి రావడం నా కంటితో నేను చూశాను. గడియారంలో అర గింజంత దుమ్ము కనిపెట్టేవాణ్ణి, అది కనిపెట్టలేనా? కోసేస్తే ఇక నాలుగింటికి రావడానికి వంకేమిటి అని ఆగాను. ఆవిడ ముక్కు పేరు చెప్పి నేనే ఆపాను. అవతల ఆవిడ ఎముకల్లో నొప్పి. ఇంతకన్నా పాపం నేనేమీ చెయ్యలేదు.

ఇవాళ కోశాను. మధ్యాహ్నం రెండింటికి, మిట్ట ఎండలో. కత్తెరకి జిగురంటి ప్రతి కొమ్మకీ తుడుచుకోవాల్సి వచ్చింది. పాత బనీన్లలో చుట్టి తెచ్చి అటక మీద తాళ్లకి తలకిందులుగా వేలాడదీశాను. చిన్నమ్మి నిద్రలో ఉంది.

నాలుగింటికి ఏం చెయ్యాలి? వాసన తెలియడం లేదన్న మాట నేను చెప్పను. తాత ఒళ్లో కూచున్న ఆరేళ్ల పిల్లని నేను లేపలేను. బాల్టీ పట్టుకుని పైకి వెళ్లాను. బంతి ఆకు వేళ్లకి పామి తెచ్చాను.

"ఇంకా నేదు" అంది.

నవంబరు 22, బుధవారం

ఎండింది. వాళ్ల మామ్మ చేసినట్టే రాంబాబు నేతిలో వేయించి, తాటిబెల్లంలో కలిపి రేగుపండంత ఉండలు చేశాడు. బస్సు నడిపే చేతులు, ఎంత జాగ్రత్తగా చేశాడో. చేదు తెలియకుండా ఏలకులు దంచి వేశాను. పూజ చేయించిన ప్రసాదం అని చెప్పి ఒక ముక్క పెట్టాను.

"ఏ గుడిది?" అంది.

"కాళమ్మ గుడిది."

నమిలి, "మంచి నెయ్యి" అంది.

నవంబరు 23

పడుకుంది. మూలగకుండా పడుకుంది. నేను కుర్చీలో కూచుని ఊపిరి లెక్క పెట్టుకుంటూ ఉండిపోయాను. పొద్దున లేచి ఇడ్లీ అడిగింది.

నవంబరు 27, సోమవారం

తజౌంగ్‌డైన్ పున్నమి. చీరల షాపు మూలలో పంచిన మెజలీ ఆకు కూర, ఈ పున్నమికి మందుగా తినేది, దొ మ్య మ్య తెచ్చి పెట్టింది. చిన్నమ్మి నాలుగు ముద్దలు తింది. నడుం కింద చెయ్యి పెట్టి కూచోబెట్టాను. అరవలేదు. నా మీద ఆనుకుని కిటికీలోంచి ఐసు బండిని చూసింది. వాడు మళ్లీ వస్తున్నాడు.

డాక్టరమ్మ మాత్రం మాట మార్చలేదు. నెలో, రెండు నెలలో అంది. ఆ మాట కూడా ఇక్కడ రాస్తున్నాను.

నాలుగింటికి బంతి ఆకు. "నిమ్మాకు, కొంచెం గోనెసంచి." పోనీలే, కాస్త ముందుకి వచ్చింది అనుకున్నాను. ఏది ముందుకి వచ్చిందో నాకే తెలియలేదు.

నవంబరు 30

గోనెసంచి.

డిసెంబరు 3, ఆదివారం

నాలుగింటికి వెళ్లాను. చెయ్యి పట్టుకుంది. ఇవాళ చాలాసేపు వదల్లేదు.

"అయిపోయింది. మిల్లు గొడౌను వాసన. ఇంక కోసీయండి" అంది.

రేపు పొద్దున్నే కోస్తానన్నాను.

"ఏటి కోస్తారు? బంతి మొక్కనా?"

నవ్వింది. నవ్వితే దగ్గొచ్చింది. మంచినీళ్లు పట్టాక కూడా నవ్వుతోంది. ఎప్పుడు తెలిసిందని అడిగాను.

"మీరు కోసిన నాడే. సాయంత్రం బాల్టీ పట్టుకెళ్లేరు గాని కొళాయి సప్పుడు నేదు. కోసీసిన మొక్కకి నీళ్లెందుకు. అటక మీంచి వాసన రానేదేటి? మరీ ఆ పెసాదం. ఏలక్కాయలు ఎన్ని దంచితే మాత్రం, మా మామ్మ సేదు నాకు తెలీదేటి?"

"మరి నీ ముక్కు..."

"నా ముక్కుకేటయింది?"

"ఆ వేళ పెట్రోలు చేత్తో వచ్చాను. నిమ్మాకు అన్నావు."

నా చెయ్యి తిప్పి అరచేతిలోకి చూస్తూ, "ముప్పై ఏడేళ్లు ఆ సెయ్యి పక్కన పడుకున్నాను. పెట్రోలు వాసన నాకు తెలీదా? మీరు పైకెళ్లలేదని తెలుసు, భయపడ్డారనీ తెలుసు. ఆకు వాసనే నేదంటే లేచి ఎల్లిపోతారు. అందుకే నిమ్మాకన్నాను. మర్నాడు ఙపి పెట్టేరు కదా, ఎలగ బిగబట్టేనో నాకే తెలుసు" అంది.

నాకు నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. ఏది ముందొచ్చిందో తెలియదు.

"ఎందుకలా చేశావు? నొప్పితో?"

"నొప్పి ఉండీది. అదీ ఉండీది, మీరూ ఉండీవోరు. పెళ్లయినాక ఏడింటికి ముందు మీరు కొట్టు కట్టింది ఎప్పుడు? దీపావళికి కబురెట్టినా రానేదు. నాలుగ్గంటలకి మెట్ల మీద మీ అడుగులు ఇనడం ఇదే మొదలు."

అంటే గుర్తుంది.

తర్వాత తనే చెప్పింది. తాతకీ అలాగే చెప్పేదట. ఒళ్లో కూచోబెట్టుకునేది ఆ నెల రోజులే. కోసేశాక సాయంత్రాలు తాత ఏటి గట్టు మీద తోటి కూలీలతో కూచునేవాడు, పిల్లలు రాకూడదు. అందుకని మిల్లు వాసన వచ్చేసినా ఇంకా లేదు, ఇంకా లేదు అనేది. ఒక ఏడాది అలాగే అని అని, అకాలపు వాన పడి పువ్వంతా బూజు పట్టిపోయింది. తాత పీకి ఏట్లో పడేసి వచ్చి, ఆ మర్నాడు కూడా ఒళ్లో కూచోబెట్టుకున్నాడట.

"ఆయనకి తెలియదా మరి?" అన్నాను.

"తెలీకేటి? ముక్కు పోతే పోయింది, జిగురు సేతికి తెలుస్తాది కదా. ఒక్కపాలి కూడా అడగలేదు." కళ్లు తుడుచుకుంది. "మీకు అద్దంలో కనపళ్లేదా? మీరూ అడగలేదు."

వెలుగు మంచం మీంచి గోడ మీదికి వెళ్లింది. ఐసు బండి గంట వినిపించి వెళ్లిపోయింది. నేను ఒక్క మాటే అడిగాను, మొక్క లేదు కదా, రేపు ఏం తెచ్చేది అని.

నా వేళ్లు మళ్లీ ముక్కు దగ్గర పెట్టుకుని మొహం చిట్లించింది.

"ఈ కుంకుడుకాయ మానీండి ఇంక. రేపట్నుంచి సేతులు కడుక్కోకుండా రండి."

డిసెంబరు 4, సోమవారం

నాలుగింటికి పది నిమిషాలుండగానే పెట్టె మూశాను. చేతులు కడుక్కోలేదు.